తల్లి అండంలో పెట్టే హ్యాండోవరు

ఈ పత్రికలో నా పేరు కనబడితే చేతులు కడుక్కోవడం గురించో, కాన్పు తర్వాత పథ్యాల గురించో, షుగరు ఉన్నవారి పాదాల గురించో రాసి ఉంటానని పాఠకులకు తెలుసు. ఈసారి జన్యువుల గురించి రాస్తున్నాను. నేను జనరల్ నర్సింగ్ డిప్లొమా చదివినదాన్ని, శాస్త్రవేత్తను కాను. అయినా ఈ విషయాన్ని పెద్ద చదువులవారికే వదిలేయకూడదని నా అభిప్రాయం. ఎందుకంటే "వంశం", "రక్తం", "తరతరాల దోషం" అనే పాత మాటలు సైన్సు వేషం వేసుకుని మళ్ళీ మన ఓపీ గదిలోకి వస్తున్నాయి. తల్లి నుంచి బిడ్డకు జన్యువులే కాక కొన్ని చిన్న చిన్న సందేశాలు కూడా వెళతాయని జంతువుల మీద చేసిన పరిశోధనల్లో తెలిసింది. అది నిజం, చాలా అందమైన నిజం కూడా. కాని దాన్ని సగం విన్నవారు "చూశారా, లోపమంతా ఆడదాని వైపు నుంచే" అని తేల్చేస్తున్నారు. పూర్తిగా వింటే సంగతి వేరుగా ఉంటుంది. కొంచెం ఓపికగా చదవమని మనవి.

జన్యువులు క్రోమోజోముల మీద దండలో పూసల్లాగా ఎక్కడివక్కడ కదలకుండా ఉంటాయని మాకు నర్సింగ్ స్కూల్లో చెప్పారు. పరీక్ష పాసవడానికి అది చాలింది. అయితే అమెరికాలో బార్బరా మెక్‌క్లింటాక్ అనే శాస్త్రవేత్త 1940లలోనే కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనాలయంలో మొక్కజొన్న పండిస్తూ, గింజల మీది రంగు మచ్చలను ఏళ్ళ తరబడి చూస్తూ, కొన్ని ముక్కలు తమ చోటు విడిచి మరో చోటికి పోయి కూర్చుంటున్నాయని తెలుసుకున్నారు. అవి పోయి కూర్చున్న చోట ఉన్న జన్యువు పని ఆగిపోతుంది. మళ్ళీ లేచి పోతే ఆ జన్యువు పని మొదలవుతుంది. 1951లో ఒక సభలో ఆమె ఈ సంగతి వివరిస్తే విన్నవారిలో చాలామందికి తలకెక్కలేదు. 1983లో నోబెల్ బహుమతి వచ్చింది, అదీ ఎవరితోనూ పంచుకోకుండా. అప్పటికి ఆమె వయసు 81 సంవత్సరాలు. ఈ ముక్కలనే గెంతే జన్యువులు అంటున్నారు.

ఇవి మొక్కజొన్నకే పరిమితమైన వింత కాదు. 2001లో మానవ జన్యుపటం తొలి ప్రతి వెలువడినప్పుడు అందులో సుమారు 45 శాతం ఈ గెంతే ముక్కలూ వాటి అవశేషాలేనని లెక్క తేలింది. మన శరీరంలో మాంసకృత్తులు తయారుచేయించే అసలు జన్యువుల భాగం 2 శాతం కూడా లేదు. అంటే ఇంటివారి కంటే చుట్టపు చూపుగా వచ్చి ఉండిపోయినవారే ఎక్కువ. వాటిలో ఎల్-1 అనే రకానికి దాదాపు 5 లక్షల ప్రతులున్నాయి. ఆలూ అనే చిన్న రకానికి 10 లక్షలకు పైగా ఉన్నాయి. (ఇది మన కూర ఆలూ కాదు, వేరే పేరు.) వీటిలో అత్యధికం విరిగిపోయి, కదలలేక పడి ఉన్నవే. గెంతగల శక్తి మిగిలి ఉన్న ఎల్-1 ప్రతులు ఒక్కో మనిషిలో 80 నుంచి 100 వరకు ఉంటాయని అంచనా.

ఆ కొన్ని చాలు. 1988లో అమెరికాలో హేగ్ కజాజియన్ అనే వైద్యుడూ ఆయన బృందమూ హీమోఫీలియా-ఎ ఉన్న 240 మందిని పరీక్షించారు. హీమోఫీలియా అంటే మనకు తెలుసు, దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టదు, కీళ్ళలోకి రక్తం చేరి పిల్లలు విలవిలలాడతారు. ఆ 240 మందిలో ఇద్దరికి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 జన్యువు మధ్యలో ఎల్-1 ముక్క వచ్చి కూర్చుని ఉంది. వారి తల్లిదండ్రుల్లో ఆ చోట ఆ ముక్క లేదు. కొత్తగా గెంతింది, అంతే. హీమోఫీలియా బిడ్డ పుట్టగానే "మీ పుట్టింటి రక్తం" అని కోడలిని అనేవారికి ఈ ఒక్క సంగతి చెప్పినా మేలే. తల్లి వాహకురాలైన కుటుంబాలు ఎక్కువే, కాదనను. కాని కుటుంబంలో ఎవరికీ ఏమీ లేకుండా బిడ్డలో కొత్తగా తలెత్తే కేసులు కూడా తక్కువేమీ కాదు.

వీటిని "చెత్త డీఎన్ఏ" అని కొట్టిపారేసిన రోజులున్నాయి. ఆ మాట నాకు నచ్చదు. లేబర్ రూములో ఇన్నేళ్ళు పని చేసినదాన్ని కనుక ఒక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. కాన్పయ్యాక మాయ పూర్తిగా పడిందా లేదా అని బేసిన్‌లో వేసి తిప్పి తిప్పి చూస్తాము కదా. ఆ మాయలో తల్లి రక్తానికి ఎదురుగా ఉండే పొర, కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏర్పడుతుంది. అలా కలిపే సిన్‌సైటిన్ అనే మాంసకృత్తు, కోట్ల సంవత్సరాల కిందట మన పూర్వజీవుల బీజకణాల్లో జొరబడి ఉండిపోయిన ఒక వైరస్ జన్యువు నుంచి వచ్చిందని 2000 సంవత్సరంలో కనుగొన్నారు. మన జన్యుపటంలో సుమారు 8 శాతం ఇలాంటి పాత వైరసుల అవశేషాలే. అప్పుడు దొంగగా దూరినది ఇప్పుడు బిడ్డకు అన్నం అందించే చోట పని చేస్తున్నది. చెత్త అంటే ఎలా?

అయినా దొంగ దొంగే, తలుపు తీసి పెట్టుకోలేము. ముఖ్యంగా అండం, వీర్యకణం తయారయ్యే బీజకణాల్లో. చేతి చర్మంలో ఒక కణం పాడైతే అది రాలిపోతుంది. బీజకణంలో గెంతిన ముక్క బిడ్డకు, బిడ్డ బిడ్డకు పోతుంది. అందుకే జంతువులన్నిటి బీజకణాల్లో దాదాపుగా ఒక ప్రత్యేకమైన కాపలా ఉంది. అదే ఈ చిన్న ఆర్ఎన్ఏల సంగతి.

వీటిని పివీ-ఆర్ఎన్ఏలు అంటారు. 24 నుంచి 31 అక్షరాల పొడవుండే చిన్న తునకలు. పివీ అనే కుటుంబపు మాంసకృత్తులను పట్టుకుని ఉంటాయి కనుక ఆ పేరు. 2001లో రష్యా శాస్త్రవేత్తలు ఈగ వృషణాల్లో వీటి జాడ మొదట పట్టారు. 2006లో ఎలుకల వృషణాల్లో నాలుగు బృందాలు విడివిడిగా, ఒకే కాలంలో వీటిని ప్రకటించాయి. ఇవి చేసే పని గుర్తుపట్టడం. గెంతే జన్యువు తన నకలు తీయడానికి ఆర్ఎన్ఏ రూపంలో బయటికి రాగానే, దానికి సరిపోయే తునక పోయి అతుక్కుంటుంది, వెంట ఉన్న పివీ మాంసకృత్తు దాన్ని కత్తిరిస్తుంది. కత్తిరించిన ముక్కే మళ్ళీ ఇంకో గుర్తింపు తునకగా మారుతుంది. అంటే దొంగ ఎంత ఎక్కువగా తిరిగితే వాడి ఫోటోలు అంత ఎక్కువగా ఊరంతా అంటించబడతాయి. 2007లో ఈ పద్ధతిని అమెరికాలో ఒక బృందమూ జపానులో ఒక బృందమూ వివరించాయి. కొన్ని పివీలు కేంద్రకంలోకి పోయి, ఆ ముక్క ఉన్న చోటునే మూసి సీలు వేసినట్టు చేస్తాయి.

అసలు గుర్తులు ఎక్కడి నుంచి వస్తాయి? క్రోమోజోముల మీద కొన్ని చోట్ల పాత గెంతే జన్యువుల విరిగిన ముక్కలు కుప్పగా పడి ఉంటాయి. మన ఆస్పత్రిలో రికార్డు రూము ఉంది చూడండి, చెదలు తినగా మిగిలిన పాత రిజిస్టర్లతో. అలాంటిదే. ఆ కుప్పల నుంచే పివీ-ఆర్ఎన్ఏలు తయారవుతాయి. కొత్తగా వచ్చిన గెంతే జన్యువు గెంతుతూ గెంతుతూ ఎప్పుడో ఒకసారి పొరపాటున ఆ కుప్పలో పడుతుంది. ఆ రోజుతో దాని పేరు రిజిస్టరుకెక్కినట్టే.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. అరటిపండ్ల మీద మూగే చిన్న ఈగలను ప్రయోగశాలల్లో 1910 ప్రాంతం నుంచి పెంచుతున్నారు. సీసాల్లో తరతరాలుగా పెరిగిన ఆ ఈగలు ఒక వైపు, బయట తోటల్లో తర్వాతి కాలంలో పట్టుకున్న ఈగలు ఒక వైపు. రెండూ ఒకే జాతి. తోట నుంచి పట్టిన మగ ఈగను సీసాలోని ఆడ ఈగతో జతపరిస్తే పిల్లలకు అండాశయాలూ వృషణాలూ సరిగా పెరగవు, క్రోమోజోములు విరుగుతాయి, గొడ్డు ఈగలవుతాయి. వెచ్చని చోట పెంచితే మరీ ఎక్కువ. అదే జంటను తిరగేసి, సీసాలోని మగ ఈగను తోటలోని ఆడ ఈగతో జతపరిస్తే పిల్లలు నిక్షేపంగా ఉంటారు. 1977లో మార్గరెట్ కిడ్‌వెల్, జేమ్స్ కిడ్‌వెల్, జాన్ స్వేడ్ అనే ముగ్గురు ఈ వింతను వివరించి పేరు పెట్టారు. 1982లో కారణం తెలిసింది. తోట ఈగల్లో పి అనే గెంతే జన్యువు ఉంది, సీసా ఈగల్లో లేదు. అది మరొక జాతి ఈగ నుంచి ఇరవయ్యో శతాబ్దంలోనే వీటిలోకి వచ్చి, కొద్ది దశాబ్దాల్లో ప్రపంచమంతా బయటి ఈగలకు పాకింది. అంతకు ముందే సీసాల్లోకి చేరిన ఈగలు దాన్ని ఎరగవు.

అయితే ఒక చిక్కు మిగిలింది. ఎటు నుంచి జతపరిచినా పిల్లలకు అందే జన్యువులు ఒకటే కదా. సగం తోటవి, సగం సీసావి. ఒక వైపు జతలో గొడ్డుతనం, మరో వైపు జతలో ఆరోగ్యం ఎలా వచ్చాయి?

జవాబు 2008లో యూలియస్ బ్రెనెక్కీ, గ్రెగ్ హ్యానన్, వారి సహచరులు చెప్పారు. (వారు పనిచేసినది మెక్‌క్లింటాక్ పనిచేసిన కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోనే.) తోట ఆడ ఈగ తన అండంలో పోషక పదార్థంతో పాటు పి జన్యువును గుర్తుపట్టే పివీ-ఆర్ఎన్ఏలను కూడా పెట్టి పంపుతుంది. వీర్యకణంలో అలాంటి మూట పట్టదు. కనుక తల్లి తోటదైతే పిల్లకు మొదటి గంట నుంచే కాపలా ఉంది. తల్లి సీసాదైతే, తండ్రి నుంచి పి వచ్చింది గాని దాని సంగతి చెప్పేవారు లేరు.

మన భాషలో చెప్పాలంటే ఇది డ్యూటీ మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవరు. నైట్ సిస్టరు పోతూ పోతూ "ఆరో నంబరు బెడ్డు ఆమెకు పెన్సిలిన్ పడదు" అని మార్నింగ్ సిస్టరుకు చెప్పి పోతుంది. మార్నింగ్ సిస్టరుకు చదువు లేక కాదు, చేతకాక కాదు. ఆ ఒక్క కబురు అందాలి. కబురు అందని రోజున, ఇద్దరూ మంచి నర్సులే అయినా, రోగికి ప్రమాదం. స్టూడెంటు పిల్లలకు క్లాసులో ఈ ఈగల సంగతి ఇలాగే చెబుతుంటాను. వాళ్ళకు జన్యుశాస్త్రం సంగతి ఎలా ఉన్నా హ్యాండోవరు విలువ బాగా తలకెక్కుతుంది.

ఇక్కడే సగం విని లేచిపోయేవారు "అయితే తల్లి లోపమే" అంటారు. ఈ మధ్య ఒక శిక్షణ సమావేశంలో, మన ఆస్పత్రిలో కాదు, వేరే చోట, మాట్లాడిన ఒకాయన ఈ ప్రయోగం గురించి రెండు ముక్కలు చెప్పి "కాబట్టి తల్లి ఏమి మోసుకొస్తే వంశానికి అదే" అని నవ్వించారు. నేను నవ్వలేదు. ఆ ఆడ ఈగకు ఏ లోపమూ లేదు. దాని సీసాలో దాని జాతి మగ ఈగతో వందల కొద్దీ పిల్లలను పెడుతుంది. ఆ మగ ఈగకూ లోపం లేదు, దాని తోటలో దానికి సంతానం ఉంది. గొడ్డుతనం ఇద్దరిలో ఏ ఒక్కరిదీ కాదు, ఆ ఇద్దరూ కలిసిన తీరుది. ఇంకా చెప్పాలంటే గెంతే జన్యువును తెచ్చినది తండ్రి. కాని అతన్నీ నిందించనక్కరలేదు. ఎవరి తప్పు అని అడగడానికే అక్కడ చోటు లేదు.

ఆ కథకు ఒక కొనసాగింపు ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. 2011లో అమెరికాలోనే మరో బృందం, గొడ్డుగా పుట్టిన ఆ ఆడ ఈగలను పారేయకుండా పెంచి చూసింది. వయసు పెరిగే కొద్దీ వాటిలో కొన్నింటికి గుడ్లు పెట్టే శక్తి తిరిగి వచ్చింది. తల్లి ఇవ్వని కబురును అవి తామే తయారుచేసుకున్నాయి. వాటి అండాశయాల్లో గెంతే జన్యువులు కొత్తగా పోయి రికార్డు రూము కుప్పల్లో పడ్డాయి, అలా పడిన మార్పులు వాటి పిల్లలకూ అందాయి. గొడ్రాలు అని ముద్ర వేసి మూసేసిన ఫైలు ఈగకే చెల్లలేదు.

ఇలాంటి పోరాటం ఈనాడు జరుగుతున్న చోటు కూడా ఉంది. ఆస్ట్రేలియాలో చెట్ల మీద ఉండే కోలా అనే జంతువు బీజకణాల్లోకి ఒక వైరస్ ఇప్పుడిప్పుడే జొరబడుతున్నది. ఉత్తరాది కోలాలన్నిటిలో అది కనబడుతుంది, వాటికి రక్త క్యాన్సర్లు ఎక్కువ. 2019లో వాటి వృషణాలను పరీక్షిస్తే ఆ వైరస్ ఆర్ఎన్ఏనే కోసి పివీ-ఆర్ఎన్ఏలుగా మార్చే తొలి ప్రయత్నం కనబడింది. ఇంకా పూర్తి కాపలా ఏర్పడలేదు. మన పూర్వజీవులకు ఎప్పుడో జరిగినది వాటికి ఇప్పుడు జరుగుతున్నది.

ఇక మనుషుల మాటకు వద్దాం, ఈ వ్యాసం రాయడానికి కారణం అదే కాబట్టి. చుంచెలుకల్లో పివీ కుటుంబానికి చెందిన మూడు జన్యువుల్లో ఏ ఒక్కటి తీసేసినా మగ ఎలుకకు వీర్యకణాలు తయారుకావు. సగంలో ఆగిపోతాయి. ఆడ ఎలుకలకు మాత్రం మామూలుగానే పిల్లలు పుట్టాయి. 2002 నుంచి 2007 లోపు ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి తేలాయి. మనుషుల్లో 2021లో ఒక పెద్ద వైద్య పత్రికలో ఒక నివేదిక వచ్చింది. పివీ-ఆర్ఎన్ఏల చివరలను కత్తిరించి సరిచేసే పీఎన్ఎల్‌డీసీ-1 అనే జన్యువు రెండు ప్రతులూ చెడిన నలుగురు పురుషులు, ఒకరికొకరు సంబంధం లేనివారు. నలుగురికీ వీర్యంలో కణాలు లేవు. మనిషి చూడ్డానికి ఆరోగ్యంగా ఉంటాడు, మీసం గడ్డం ఉంటాయి, దాంపత్యంలో ఏ ఇబ్బందీ ఉండదు. లోపల మాత్రం వీర్యకణం తయారీ మధ్యలో నిలిచిపోయింది.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నేనూ సగం చెప్పినదాన్ని అవుతాను. ఆడ ఎలుకకు ఏమీ కాలేదు కాబట్టి ఆడవారికి పివీలతో పని లేదని కొంతకాలం అనుకున్నారు. 2021లో హ్యామ్‌స్టర్ అనే బొద్దెలుకల్లో చూస్తే కథ మారింది. వాటి అండాల్లో ఉండే ఒక పివీని తీసేస్తే పిండం రెండు కణాల దగ్గరే ఆగిపోతుంది. మనుషుల్లో ఉన్న నాలుగో పివీ జన్యువు చుంచెలుకలో లేనే లేదు, హ్యామ్‌స్టర్లో ఉంది. ఈ విషయంలో మనం చుంచెలుక కంటే హ్యామ్‌స్టర్‌కు దగ్గర. కనుక మగవారిదే లోపం అని తిప్పి కొట్టడం కూడా నా ఉద్దేశం కాదు.

నా ఉద్దేశం ఇంతే. సంతానం కోసం వచ్చే జంటలో ఇద్దరినీ చూడాలి, మొదటి రోజునే చూడాలి. ఇది అందరూ ఒప్పుకునే మాటే గాని ఆచరణలో ఏమి జరుగుతున్నదో ఓపీలో కూర్చున్నవారికి తెలుసు. పెళ్ళయి ఆరేడేళ్ళయిన అమ్మాయి సంచి నిండా కాగితాలతో వస్తుంది. మూడు చోట్ల స్కానింగులు, ట్యూబుల టెస్టు, రెండుసార్లు డీఎన్‌సీ, నెలనెలా ఇంజెక్షన్లు. భర్త రిపోర్టు ఏదమ్మా అంటే లేదు. పక్కన కూర్చున్న అత్తగారు "మావాడికి పరీక్షలెందుకు సిస్టరమ్మా, మావాడు దుక్కలా ఉన్నాడు" అంటుంది. అన్నీ భరించింది ఆ అమ్మాయి. అతని వైపు చేయవలసినది ఒక సీసాలో నమూనా ఇవ్వడం. నొప్పి లేదు, మత్తు లేదు, కోత లేదు, ఖర్చు కూడా స్కానింగు కంటే తక్కువ. సంతానలేమి జంటల్లో సుమారు సగం మందిలో పురుషుని వైపు కారణం, ఒంటరిగానో స్త్రీ వైపు కారణంతో కలిసో, ఉంటుంది. ఇంత సులభమైన పరీక్షను చివరికి పెట్టి, కష్టమైనవన్నీ ముందు పెట్టడం వైద్యం కాదు. ఆమె మీద ఆ తీర్పు ముందే రాసి పెట్టారు, మనం దానికి రబ్బరు స్టాంపు వేస్తున్నాము.

మేనరికాల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. పైన చెప్పిన నలుగురిలో రెండు ప్రతులూ చెడి ఉన్నాయన్నాను. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఒక్క ప్రతి చెడినవారికి ఏమీ కాదు, వారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. దగ్గరి చుట్టాల్లో పెళ్ళిళ్ళు చేసుకునే మన తెలుగు కుటుంబాల్లో, మేనమామకిచ్చినా మేనబావకిచ్చినా, ఒకే తాత దగ్గర నుంచి వచ్చిన ఒకే చెడు ప్రతి రెండు వైపులా ఉండే అవకాశం పెరుగుతుంది. ఇది పీఎన్ఎల్‌డీసీ-1 ఒక్కదానికే కాదు, ఇలా దాగి ఉండే లోపాలన్నిటికీ వర్తిస్తుంది. అయితే ఆ లోపం కొడుకు వీర్యంలో బయటపడినప్పుడు బాధ్యత కోడలి మీద పడటం నాకు ఎప్పటికీ అర్థం కాని లెక్క. వీర్యకణాలు లేవని తేలిన మగవారిలో ఇంత అరుదైన జన్యువు కోసం వెదకడానికి ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి, హార్మోన్లు, క్రోమోజోముల పరీక్ష, వై క్రోమోజోములో చిన్న ముక్కలు లోపించాయా అనే పరీక్ష. వై క్రోమోజోము గురించి మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు భారతీయ పురుషుల మీద మంచి పని చేశారు. నాళం మూసుకుపోయి కణాలు బయటికి రాని కేసులు కూడా ఉంటాయి, వాటికి చికిత్స ఉంది. కనుక "కణాలు లేవు" అన్న ఒక్క కాగితంతో అతని మీదా తలుపు మూయకండి. మగవాడు సిగ్గుతో రెండోసారి రాకుండా పోవడం మనం మాట్లాడే తీరు వల్ల కూడా జరుగుతుంది.

ఇంకొక ప్రమాదం ఉంది. 2012లో నేల పురుగుల్లాంటి అతి చిన్న పురుగుల మీద మూడు బృందాలు ఒక సంగతి చూపించాయి. పివీ-ఆర్ఎన్ఏ ఒకసారి మూసిన జన్యువు, ఆ తర్వాత ఇరవై తరాలకు పైగా మూసే ఉంది. వెంటనే దీన్ని పట్టుకుని "తాతముత్తాతల పాపాలు రక్తంలో ఉన్నాయని సైన్సే ఒప్పుకుంది" అనేవారు బయలుదేరారు. "తరతరాల జన్యుదోషం శుద్ధి చేస్తాము" అని పొడులూ లేహ్యాలూ అమ్మేవారి కరపత్రాలు మన గేటు దగ్గర కూడా పంచుతున్నారు. పురుగుకు తరం మారడానికి మూడు నాలుగు రోజులు చాలు. మనుషుల్లో ఇలాంటి మూత తరతరాలకు సాగుతుందని రుజువు కాలేదు. పైగా మన వంటి పాలిచ్చే జీవుల్లో బీజకణాలు ఏర్పడేటప్పుడు పాత గుర్తుల్లో అత్యధికం తుడిచివేయబడి, మళ్ళీ కొత్తగా వేయబడతాయి. చుంచెలుకల్లో ఆ మళ్ళీ వేసే పనిలో, మగ పిల్ల ఇంకా తల్లి గర్భంలో ఉండగానే, పివీ-ఆర్ఎన్ఏలే దారి చూపిస్తాయి. ఆ పని తినే లేహ్యంతో జరిగేది కాదు. ఆ పొడుల కోసం తాళిబొట్టు తాకట్టు పెట్టి వచ్చినవారిని చూశాను కనుక ఇంత కటువుగా రాస్తున్నాను. శాపం అని ఎవరైనా అంటే, నర్సుగా నేను మొదట అడిగేది వీర్య పరీక్ష రిపోర్టు.

ఆ పరీక్షకు వచ్చేవారికి మన స్టాఫ్ చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులకు మించకుండా కలయికకు దూరంగా ఉండి నమూనా ఇవ్వాలి. ఇంటి నుంచి తెస్తే గంటలోపు అందించాలి, చొక్కా లోపల ఒంటికి ఆనించి తేవాలి, ఎండలో గాని ఐసులో గాని పెట్టకూడదు. మామూలు కండోములో పట్టి తేకూడదు, దానిలోని పూత కణాలను చంపుతుంది. అంతకు రెండు మూడు నెలల లోపు గట్టి జ్వరం వచ్చి ఉంటే ఆ సంగతి చెప్పాలి, లెక్క తగ్గి కనబడవచ్చు. ఒక్కసారి తక్కువ వస్తే మళ్ళీ చేయించాలి. ఈ మాటలు వరండాలో పదిమంది ముందు గట్టిగా చెప్పేవి కావు. మగవారికి చెప్పడానికి మగ నర్సును పిలవండి, మనకు ఇప్పుడు ఉన్నారు.

మెడికల్ సూపరింటెండెంటుగారికి నేను ఒక మనవి రాసి ఇచ్చాను, దాన్నే ఇక్కడ చెబుతున్నాను. సంతానలేమి ఓపీలో ఇప్పుడు కేస్ షీటు భార్య పేరు మీద మాత్రమే తెరుస్తున్నాము. భర్త పేరు "కేరాఫ్" గడిలో ఉంటుంది. దాన్ని మార్చి జంటకు ఒకే షీటు పెట్టాలి, ఇద్దరి పేర్లూ పక్కపక్కన. పరీక్షల పట్టికలో మొదటి వరుసలో భర్త వీర్య పరీక్ష, తేదీతో. ఆ వరుస ఖాళీగా ఉన్న షీటును ట్యూబుల టెస్టుకు గాని డీఎన్‌సీకి గాని థియేటరు సిస్టరు లోపలికి తీసుకోకూడదు. అత్యవసరమైన కేసులకు డాక్టరుగారి సంతకం ఉంటే చాలు. ప్రెస్సులో కొత్త షీట్లు ఈ నెల అచ్చుకు పోవాలి, పాతవి ఇంకా రెండు బండిళ్ళు మిగిలి ఉన్నాయి. అవి అయ్యేదాకా మొదటి వరుసను ఎర్ర పెన్నుతో మనమే గీసుకుందాం.